కప్పు గెలిచింది కానీ ఊరిని గెలవలేదు

2022 మార్చి 20, ఆదివారం. ఎల్లారెడ్డిలో మా మేనమామ గారింట్లో ఉన్నాను. రాత్రి భోజనాల వేళ టీవీలో ఇండియన్ సూపర్ లీగ్ ఫైనల్ నడుస్తోంది. హైదరాబాద్ ఎఫ్‌సీకీ కేరళ బ్లాస్టర్స్‌కీ గోవాలో పోటీ. 68వ నిమిషంలో కేరళ గోల్ చేసింది. ఇక అయిపోయిందనుకుంటుండగా 88వ నిమిషంలో సాహిల్ తవోరా దూరం నుంచి కొట్టిన బంతి వలలో పడింది. షూటౌట్‌లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు బంతులను అడ్డుకున్నాడు. 3-1 తేడాతో కప్పు హైదరాబాదు పేరు మీద వచ్చింది. నేను కేకలు వేశాను.

పక్కనే కూర్చున్న పదేళ్ల మేనల్లుడు నా ముఖంలోకి చూసి, "మామా, గీళ్లల్ల మనోళ్లు ఎవరున్నరే?" అన్నాడు. వెంటనే జవాబు తోచలేదు. ఆ జట్టులో తెలుగు కుర్రవాళ్లు బహు తక్కువ. గోల్ కొట్టినవాడిది గోవా, కాపాడినవాడిదీ గోవాయే. ఆ ఏడాది 18 గోల్స్‌తో లీగ్‌లో అగ్రస్థానాన నిలిచిన ఒగ్బెచెది నైజీరియా. శిక్షకుడు మనోలో మార్క్వెజ్‌ది స్పెయిన్. పరాయివారు ఆడటం తప్పని నేననను. ఆట కులగోత్రాలు అడగదు. కానీ పిల్లవాడి ప్రశ్న అప్పటినుంచీ నన్ను వదలలేదు.

ఆ జట్టు ప్రయాణం చిత్రమైనది. 2019లో పుణె సిటీ క్లబ్బు మూతపడితే దాని స్థానంలో పుట్టింది. మొదటి ఏడాది పట్టికలో అట్టడుగున నిలిచింది. 2021-22లో 20 ఆటల్లో 38 పాయింట్లు తెచ్చుకొని రెండో స్థానంలో నిలిచి, తరువాత కప్పు గెలిచింది. మరుసటి ఏడాదీ రెండో స్థానమే. ఇక మిగిలింది ఆసియా. 2023 మే 3న కోజికోడ్‌లో మోహన్ బగాన్‌తో జరిగిన పోటీలో నెగ్గి ఉంటే ఏఎఫ్‌సీ కప్పులో అడుగుపెట్టేది. 3-1తో ఓడింది. ఆ పైన పతనం. జీతాలు అందక ఆటగాళ్లు వెళ్లిపోయారు. 2023-24లో 22 ఆటల్లో గెలిచింది ఒకే ఒక్కటి, వచ్చినవి 8 పాయింట్లు. యాజమాన్యం మారింది. 2025లో జట్టు ఢిల్లీకి తరలిపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది.

కప్పు గెలిచిన జట్టు మూడేళ్లకే ఊరు విడిచిపోతే కామారెడ్డి చౌరస్తాలో ఒక్కరైనా దాని గురించి మాట్లాడుకోగా నేను వినలేదు. నా బాధ జట్టు పోయినందుకు కాదు, పోయిన సంగతి ఎవరికీ పట్టనందుకు.

ఇక్కడ మరో ఊరి సంగతి చెప్పాలి. నెదర్లాండ్స్ ఉత్తర భాగాన ఫ్రీస్‌లాండ్ అనే ప్రాంతంలో హీరెన్‌వీన్ అనే పట్టణం ఉంది. జనాభా ముప్పై వేల చిల్లర. 2011 లెక్కల్లోనే దాదాపు ఎనభై వేలున్న మన కామారెడ్డిలో సగం కూడా లేదు. ఆ ఊరి మైదానంలో మాత్రం ఇరవై ఆరు వేలమందికి పైగా కూర్చోవచ్చు. దానికి పెట్టుకున్నది ఏ కంపెనీ పేరో కాదు, ఆ ఊళ్లో పుట్టి ఆడిన అబే లెన్‌స్ట్రా పేరు. 1950లో 5-1తో వెనుకబడి కూడా అయాక్స్‌ను 6-5తో ఓడించిన జట్టు అతనిది. 1999-2000లో ఆ క్లబ్బు దేశంలో రెండో స్థానం సాధించి, మరుసటి ఏడాది ఛాంపియన్స్ లీగ్‌లో వలెన్సియా, లియోన్, ఒలింపియాకోస్‌లతో తలపడింది. గుంపులో ఆఖరి స్థానమే దక్కింది. అయినా ఆ క్లబ్బు ఊరు విడిచిపోలేదు. 2009లో డచ్ కప్పు గెలిచింది.

ఆ జట్టు చొక్కా మీద ఉండేవి ఫ్రీస్‌లాండ్ జెండాలోని ఎర్రని కలువాకులు. సొంత మైదానంలో ప్రతి ఆటకు ముందు ఫ్రిసియన్ భాషలో తమ ప్రాంతపు గీతం పాడుకుంటారు. ఆ భాష మాట్లాడేవారు ఐదు లక్షలకు మించరు. చుట్టూ డచ్చి భాష కమ్ముకొస్తున్నా వేల గొంతులు ఆ మాటలను పలుకుతున్నాయి. అంతర్జాలంలో తెలుగు అక్షరం కోసం తాపత్రయపడే మనబోటివాళ్లం గమనించవలసిన విషయం ఇది. భాష పుస్తకాల్లోనే కాదు, మైదానపు గట్టు మీద కూడా బతుకుతుంది.

మనకు అలాంటి చరిత్ర లేదా? ఉంది. సయ్యద్ అబ్దుల్ రహీం బడిపంతులు. ఆయన తీర్చిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం ఆయన శిక్షణలోనే వచ్చాయి. ఆ ఆటగాళ్లలో ఎందరో హైదరాబాదు వీధుల్లోంచి వచ్చినవారు. వేలంలో కొన్నవారు కారు.

వేరు ఇప్పటికీ ఎండిపోలేదు. నిజామాబాదు జిల్లాలోని ఒక తండాలో పుట్టిన గుగులోతు సౌమ్య భారత జట్టుకు ఆడింది, క్రొయేషియాలోని డినామో జాగ్రెబ్ క్లబ్బుకు వెళ్లింది, ఈస్ట్ బెంగాల్ తరఫున 2024-25 జాతీయ మహిళా లీగ్ గెలిచింది, 2025లో దేశపు ఉత్తమ క్రీడాకారిణిగా పురస్కారం అందుకుంది. 2016లో విడిపోయేదాకా మాదీ ఆ జిల్లాయే. అయితే ఆమె పేరు మా ఊళ్లో ఎంతమందికి తెలుసు?

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. నగరంలో పెద్ద పెట్టుబడితో క్లబ్బు పెట్టి, అది ఎప్పటికైనా పల్లెలకు పాకుతుందనుకోవడం పైనుంచి మొక్క నాటడం వంటిది. కామారెడ్డికో జట్టు, ఎల్లారెడ్డికో జట్టు, బాన్సువాడకో జట్టు ఉండి, ఏటా వాటి మధ్య పోటీలు జరగాలి. దానికి కోట్లు అక్కరలేదు. చదును చేసిన నేల, పది బంతులు, సాయంత్రం వచ్చి నిలబడే ఒక్క పంతులు చాలు. రహీం దగ్గర అంతకు మించి ఏముంది?

డబ్బు లేకుండా క్లబ్బులు నిలుస్తాయా అని మీరు అడగవచ్చు. నిలవవు. కానీ డబ్బుతో మాత్రమే నిలిచింది డబ్బుతోపాటే వెళ్లిపోతుందని మనం కళ్లారా చూశాం.

మొన్న ఎల్లారెడ్డి వెళ్తుంటే దారి పొడవునా వడ్లు ఆరబోసి ఉన్నాయి. ఒక బడి వెనక ఖాళీ జాగాలో నలుగురైదుగురు పిల్లలు గాలి సగమున్న బంతిని తన్నుకుంటున్నారు. గోల్ స్తంభాలకు బదులు రెండు జతల చెప్పులు. కాసేపు ఆగి చూశాను. అందరూ మనోళ్లే.