మన ఆరోగ్యం: మాత్రల అట్ట మీద ఎర్ర గీత

పిల్లలూ! దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో రైలెక్కి ఎల్.బి. నగర్ వెళ్లేవారికి ఎర్ర లైను బాగా తెలుసు. మియాపూరు నుంచి ఎల్.బి. నగర్ దాకా ఉన్న ఆ మార్గానికి అదే పేరు. కాని మీ ఇంటి మందుల డబ్బాలో మరొక ఎర్ర గీత ఉండవచ్చు. కొన్ని మాత్రల అట్టల మీద అది నిలువుగా వేసి ఉంటుంది. ఆ గీతకూ మీ కడుపుకూ ఏమిటి సంబంధం?

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కుర్రవాడికి జలుబు చేసిందనుకోండి. "మొన్న అన్నయ్య గొంతు నొప్పికి డాక్టరుగారు ఇచ్చిన మాత్రలు మిగిలాయి. అవే వేసుకో నాన్నా," అన్నది వాళ్లమ్మ. మూడోనాటికి జలుబు అలాగే ఉన్నది. పైగా విరేచనాలు పట్టుకున్నవి! ఎందుచేత?

జలుబును తెచ్చేది వైరస్. అన్నయ్య మాత్ర యాంటీబయాటిక్. అది బాక్టీరియా అనే సూక్ష్మజీవులను చంపుతుంది గాని, వైరస్‌ను ఏమీ చేయలేదు. అందుచేత జలుబు తగ్గలేదు. కాని ప్రేగులలో ఉన్న మంచి బాక్టీరియా కొంత చచ్చిపోయింది.

మంచి బాక్టీరియా కూడా ఉంటుందా అంటారేమో! పెద్దవాళ్ల ఒంట్లో సుమారు 38 లక్షల కోట్ల బాక్టీరియా ఉంటుందని శాస్త్రజ్ఞులు 2016లో లెక్క కట్టారు. అందులో చాలా భాగం పెద్ద ప్రేగులోనే కాపురముంటుంది. మనకు అరగని పీచు దానికి భోజనం. ఆ పీచును తిని అది తయారుచేసే కొన్ని ఆమ్లాలు మన ప్రేగు గోడకు ఆహారమవుతాయి. అది చెడ్డ క్రిములకు చోటివ్వదు కూడా. ఆ కాపురం చెదిరితే కడుపు పాడవుతుంది.

అయితే యాంటీబయాటిక్ చెడ్డదా? కాదు సుమా! ఒక కథ వినండి.

యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో భీమవరంలో పుట్టారు. ఆయన అన్న స్ప్రూ అనే ప్రేగుల జబ్బుతో చనిపోయారు. ఆ జబ్బు వస్తే తిన్న తిండి ఒంటబట్టదు. మనిషి చిక్కి శల్యమవుతాడు. సుబ్బారావుగారు అమెరికా వెళ్లి, లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలు నడిపారు. అక్కడ ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. ఆకుకూరలలో, పప్పులలో ఉండే విటమిన్ ఆ జాతిదే. 1948లో అదే ప్రయోగశాల నుంచి ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ వెలువడింది. టెట్రాసైక్లిన్ మందులన్నిటికీ అదే పెద్దన్న. ఈనాటికీ స్ప్రూ రోగికి డాక్టర్లు టెట్రాసైక్లిన్‌నూ, ఫోలిక్ ఆమ్లాన్నీ కలిపి ఇస్తారు.

చూశారా! కుర్రవాడి కడుపు పాడుచేసిన మందు వంటిదే మరొకరి ప్రేగులను బాగుచేస్తున్నది. ఎవరికి, ఎప్పుడు, ఎన్నాళ్లు అనేదే అసలు సంగతి. ఏమి తింటూ మింగాలో కూడా తెలియాలి. టెట్రాసైక్లిన్‌ను పాలతో మింగితే, పాలలోని కాల్షియం ఆ మందును పట్టేసి ఒంటికి అందనివ్వదు!

ఇప్పుడు ఎర్ర గీత అర్థమైందా? డాక్టరు చీటీ లేకుండా ఈ మందు వాడవద్దని ఆ గీత చెబుతుంది. మన ప్రభుత్వం 2016లో దీన్ని గురించి దేశమంతటా ప్రచారం చేసింది. డాక్టరు చెప్పినన్నాళ్లూ మందు వాడాలి. మిగిలినదాన్ని మరొకరికి ఇవ్వరాదు. విరేచనాలు పట్టుకుంటే ఓ.ఆర్.ఎస్. నీళ్లు తాగిస్తూ డాక్టరుకు చూపించాలి.

మరి మన మంచి బాక్టీరియాకు ఏం పెట్టాలి? జొన్నరొట్టె, పప్పు, తోటకూర, జామపండు: వీటన్నిటిలో పీచు ఉన్నది. పెరుగులో మేలుచేసే బాక్టీరియా బతికే ఉంటుంది. ఇడ్లీ పిండిని పులియబెట్టేదీ బాక్టీరియాయే, కాని ఆవిరికి అది చచ్చిపోతుంది. ఇడ్లీ తేలికగా అరుగుతుంది, నిజమే. బతికున్న బాక్టీరియా కావాలంటే మాత్రం పెరుగే తినాలి.

దిల్‌సుఖ్‌నగర్‌కూ ఎల్.బి. నగర్‌కూ మధ్య, కొత్తపేటలో, వెనుక పెద్ద పండ్ల మార్కెట్ ఉండేది. అది బాటసింగారానికి తరలిపోయింది. ఆ స్థలంలో పెద్ద ఆసుపత్రికి 2022లో శంకుస్థాపన చేశారు. ఆసుపత్రి మనకు కావలసిందే. అయితే, మార్కెట్ దూరమైనా పండ్లు మాత్రం మన కంచానికి దూరం కాకూడదు!

ఈ ఆదివారం అమ్మానాన్నలతో కలిసి మందుల డబ్బా తెరిచి చూడండి. ఎర్ర గీత ఉన్న అట్టలు ఎన్ని మిగిలాయో లెక్కపెట్టండి.