గిటార్ వల్ల కీర్తన చెడదు

శ్రావణ బహుళ విదియ మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి ఆరాధన. 1671లో స్వామి బృందావన ప్రవేశం చేసిన తిథి. ఆ రోజుల్లో తుంగభద్ర ఒడ్డున ఎటు తిరిగినా పాటే. భజన మండళ్లు దేవరనామాలు అందుకుంటాయి. పక్కన హార్మోనియం, తబలా ఉంటాయి, మైకులు, సౌండ్ బాక్సులు సరేసరి. ఎవరికీ అభ్యంతరం ఉండదు. అదే జనంలో కాస్త సంగీతం తెలిసినవాళ్ల దగ్గర బెంగళూరు రాక్ బృందం ‘అగం’ పేరెత్తితే మాత్రం ముఖాలు మారిపోతాయి. త్యాగరాజ కీర్తనకి డ్రమ్స్, ఎలక్ట్రిక్ గిటార్ కట్టడం అపచారమన్న మాట వచ్చేస్తుంది. కర్నూలు, కడప సభల్లోనే కాదు, తెలుగువాళ్లున్న ప్రతిచోటా చదువుకున్న శ్రోతల స్థిరాభిప్రాయం ఇదే.

ఈ అభిప్రాయానికి సంగీతంలో ఆధారం లేదు.

అగం నిన్న మొన్న పుట్టిన బృందం కాదు. 2003లో మొదలైంది. గాయకుడు హరీశ్ శివరామకృష్ణన్ వయొలిన్ కూడా వాయిస్తాడు. ఇరవై ఏళ్లు దాటిన ప్రయాణంలో వాళ్లు చేసిన స్టూడియో ఆల్బమ్‌లు మూడే: 2012లో ‘ది ఇన్నర్ సెల్ఫ్ అవేకెన్స్’, 2017లో ‘ఎ డ్రీమ్ టు రిమెంబర్’, 2025లో ‘అరైవల్ ఆఫ్ ది ఎథీరియల్’. వారానికో సింగిల్ వదిలే కాలంలో ఒక్కో ఆల్బమ్‌కి అయిదేళ్లు, ఎనిమిదేళ్లు తీసుకున్నవాళ్లని కీర్తనతో ఆటలాడుతున్నారనడం న్యాయం కాదు. రెండో ఆల్బమ్‌లో నళినకాంతి రాగంలోని ‘మనవ్యాలకించ రాదటే’ ఉంది. మూడోదాంట్లో శ్రేయా ఘోషల్ గొంతు కలిపిన ‘మోక్షము గలదా’ ఉంది. రెండూ త్యాగరాజస్వామివే, రెండూ తెలుగే.

అపచారమంటున్నవాళ్లు ముందు హార్మోనియం సంగతి చెప్పాలి. అది యూరప్ నుంచి వచ్చింది. దాని మెట్లు గమకాన్ని పలికించలేవన్న కారణంతో ఆల్ ఇండియా రేడియో 1940లో నిషేధించి, మూడు దశాబ్దాలు దాన్ని దగ్గరికి రానివ్వలేదు. ఇవాళ హార్మోనియం లేని భజన ఏ ఊళ్లోనూ కనిపించదు. వయొలిన్ కథ ఇంకా పాతది. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు మద్రాసులో యూరోపియన్ విద్వాంసుడి దగ్గర నేర్చుకుని దాన్ని మన కచేరీలోకి తెచ్చారు. అది త్యాగరాజు బతికున్న కాలమే. ఆ తర్వాత విజయనగరంలో ద్వారం వేంకటస్వామి నాయుడు చేతిలో వయొలిన్ తెలుగువాళ్ల వాద్యమైపోయింది. పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ వాయించింది ఏమిటి? ఎలక్ట్రిక్ మాండొలిన్. ఎనిమిది తీగల వాద్యాన్ని అయిదు తీగలకు మార్చుకుని, కరెంటు సాయంతో స్వరాన్ని సాగదీసి, పిల్లవాడిగా ఉన్నప్పుడే మద్రాసు విద్వాంసుల్ని ఒప్పించాడు. అతని మాండొలిన్‌కి చేతులెత్తి మొక్కినవాళ్లు ఎలక్ట్రిక్ గిటార్ దగ్గర కరెంటుని తప్పుపట్టడం ఎలా కుదురుతుంది?

గిటార్‌ని దగ్గరగా చూస్తే వాదం ఇంకా తేలికవుతుంది. వీణ మీద తీగను మెట్టుమీదే పక్కకి లాగి గమకం పుట్టిస్తారు. గిటారిస్టు చేసేదీ అదే, వాళ్లు బెండింగ్ అంటారు. హార్మోనియంకి చేతకానిది గిటార్‌కి చేతనవుతుంది. ఇక అందరూ గోల అనే ఆ గరుకు శబ్దం, డిస్టార్షన్. గరుకెక్కిన తీగల మీద గాంధారం కూడా కలిపి మీటితే స్వరాలు ఒకదాన్నొకటి ఒరుసుకుని మసకబారతాయి. అందుకే రాక్ గిటారిస్టులు గాంధారాన్ని వదిలేసి షడ్జమం, పంచమం మాత్రమే మీటుతారు. పవర్ కార్డ్ అంటే అంతే. మన తంబురాలో సాధారణంగా మోగేవీ ఆ రెండు స్వరాలే. పక్కన ఇంకే స్వరమూ అడ్డు రాదు గనక గాయకుడికి రాగం నడపడానికి దారి ఖాళీగా ఉంటుంది. నళినకాంతి లాంటి వక్రరాగంలో ఈ ఖాళీ చాలా విలువైనది. అయితే అదే పవర్ కార్డ్‌ని గిటార్ మెడ మీద పైకీ కిందకీ జరిపినప్పుడు ఆధార షడ్జమమే కదిలినట్టు వినబడే ప్రమాదం ఉంది. విమర్శించదలచినవాళ్లు ఇక్కడ చెవి పెట్టి వినాలి. ఫలానా చోట రాగం జారిందని చూపిస్తే అది విమర్శ. వాద్యం పేరు చూసి తీర్పు చెప్పడం విమర్శ కాదు.

అసలు బాణీని మార్చకూడదనే వాదం రాయలసీమ గడ్డ మీద మరీ నిలవదు. కడప సీమ తాళ్లపాకలో పుట్టిన అన్నమయ్య కీర్తనలు రాగిరేకుల మీద వేలల్లో దొరికాయి. రేకుల మీద రాగం పేరు ఉంది, స్వరం లేదు. ఇవాళ ప్రతి ఇంట్లో వినబడే అన్నమయ్య బాణీలు ఎక్కువ భాగం ఇరవయ్యో శతాబ్దంలో కట్టినవి. అనంతపురం జిల్లా నుంచి వచ్చిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, ఆ తర్వాత నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ కూర్చుని స్వరపరిచారు. వాళ్లు ఆ ధైర్యం చెయ్యకపోతే అన్నమయ్య పుస్తకంలోనే ఉండిపోయేవాడు. మంత్రాలయంలో పాడే దేవరనామాల సంగతీ దాదాపు అంతే. పురందరదాసు పదాలు మిగిలాయి గానీ ఆయన కట్టిన బాణీలు చాలావరకు పోయాయి. భీమ్‌సేన్ జోషి ఆ పదాలను హిందుస్థానీ రాగాల్లో పాడితే జనం కళ్లకద్దుకున్నారు.

‘మోక్షము గలదా’ సాహిత్యమే ఈ తగువులో సాక్ష్యం చెబుతుంది. ప్రాణం, అగ్ని కలిస్తే ప్రణవనాదం పుట్టి అది సప్తస్వరాలైందని త్యాగరాజు అందులో అంటాడు. నాదం పుట్టుక ఒంట్లోనే ఉందన్న మనిషి అది ఏ చెక్కలోంచి, ఏ తీగలోంచి రావాలో నియమం పెట్టలేదు.

అగం ఆల్బమ్‌లకి తెలుగువాళ్లు పెట్టవలసిన పరీక్ష వేరే ఉంది. అది సాహిత్యం. ఈ కీర్తనలు పాడేవాళ్లలో చాలామందికి తెలుగు మాతృభాష కాదు. పదం ఎక్కడ విరగాలి, ఒత్తు ఎక్కడ పలకాలి, ఊపిరి ఎక్కడ తీసుకోవాలి అన్నది అర్థం తెలిసినవాళ్లకే తెలుస్తుంది. డ్రమ్స్ దరువు కోసం మాటను మధ్యలో తుంచితే త్యాగరాజు మొర వినబడదు. ఈ లోపం రాక్‌తో వచ్చిందేమీ కాదు, సంప్రదాయ కచేరీల్లో దశాబ్దాలుగా ఉంది. పట్టుచీర, మృదంగం ఉన్నచోట దాన్ని క్షమించి, గిటార్ ఉన్నచోట మాత్రమే ఎత్తిచూపడం పక్షపాతం. రెండు చోట్లా అడగాలి, గట్టిగా అడగాలి.

బెంగళూరు నుంచి రాత్రి బండెక్కితే తెల్లారేసరికి మంత్రాలయం రోడ్డు స్టేషన్. ఆరాధన రోజుల్లో ఆ ఊళ్లో సంగీతానికి వేదిక ఉంటుంది, వినడానికి జనం ఉంటారు. తాళ్లపాక రేకుల్లో రాగం పేరు మాత్రమే మిగిలి బాణీ కోసం ఎదురుచూస్తున్న కీర్తనలు ఇంకా ఎన్నో ఉన్నాయి. అగం లాంటి బృందం తెలుగు బాగా తెలిసిన ఒక పండితుణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, వాటిలో ఒకదానికి కొత్తగా బాణీ కట్టి ఆ వేదిక మీదే మొదటిసారి వినిపించాలి.