మూత్రపిండాల వ్యాధి సంరక్షణపై వైద్య సిబ్బందికి నిరంతర శిక్షణ: తీర్మానం

మరిపెడ మండలంలో పనిచేస్తున్న వైద్యాధికారులు, స్టాఫ్ నర్సులు, ఏఎన్ఎంలు, ల్యాబ్ టెక్నీషియన్లు, ఫార్మసిస్టులు, ఆశా కార్యకర్తల ఉమ్మడి సమావేశం చర్చించి ఆమోదించిన తీర్మానం ఇది.

కిడ్నీలు దెబ్బతింటున్నా చాలాకాలం నొప్పి తెలియదు. కాళ్ల వాపుతో, ఆయాసంతో మనిషి వచ్చేసరికి చేయగలిగింది కొంచెమే మిగులుతుంది. డయాలసిస్ మొదలైతే వారానికి రెండు మూడు సార్లు మానుకోటకో, ఖమ్మానికో పోయి నాలుగేసి గంటలు మంచం మీద ఉండాలి. వెంట వెళ్లేవారికి ఆ రోజు కూలి పోయినట్టే. ఆరోగ్యశ్రీలో డయాలసిస్ ఉచితమే గానీ ఆ కూలి ఎవరూ కట్టివ్వరు.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ప్రబలిన కిడ్నీ వ్యాధికి ఏళ్ల తరబడి వెతుకుతున్నా అసలు కారణం ఇదీ అని తేలలేదు. మనకు ఆ సాకు లేదు. దేశంలో కిడ్నీలను ఎక్కువగా పాడుచేసే షుగర్, బీపీ ఎవరెవరికి ఉన్నాయో మన రిజిస్టర్లలోనే రాసి ఉంది. నెలనెలా మాత్రలిచ్చి పంపితే చాలదు. ఏడాదికోసారి వారి మూత్రంలో ఆల్బుమిన్, రక్తంలో క్రియాటినిన్ చూడాలి.

చూసిన అంకెను చదవడమూ రావాలి. 65 ఏళ్ల స్త్రీకి క్రియాటినిన్ 1.2 వస్తే చీటీ మీద కంగారు పడాల్సిందేమీ కనబడదు. 2021 నాటి సీకేడీ-ఈపీఐ సూత్రంతో లెక్కకడితే ఆమె ఈజీఎఫ్ఆర్ (కిడ్నీల వడపోత అంచనా) 50 దగ్గర తేలుతుంది. మూడు నెలలు దాటినా 60 లోపే ఉంటే అది దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధే. క్రియాటినిన్ పక్కన ఈ అంకె కూడా రాయడానికి కొత్త యంత్రం అక్కర్లేదు.

భారత వైద్య మండలి 2002 నిబంధనలు అయిదేళ్లలో 30 గంటల నిరంతర విద్యను చెప్పింది డాక్టర్లకు. కానీ తండాలో బీపీ పట్టీ కట్టేది ఏఎన్ఎం. కాబట్టి మూడు నెలలకోసారి ఒక పూట, పనిదినంలోనే, డ్యూటీ కింద లెక్కించి అందరికీ కలిపి శిక్షణ జరపాలని తీర్మానించడమైనది. ఉపన్యాసాలు తగ్గించి, నిజమైన ల్యాబ్ చీటీలను పేర్లు తీసేసి బల్ల మీద పెట్టి నేర్పాలి. ఉదాహరణకు, డయాలసిస్ కోసం చేసిన ఫిస్టులా ఉన్న చేతికి బీపీ చూడరాదు, సూది గుచ్చరాదు. దాని మీద వేలు ఆనిస్తే జివ్వుమని అదురు తగలాలి. అదురు ఆగితే ఆ రోజే డయాలసిస్ కేంద్రానికి పంపాలి. ఈ అదురును గుర్తించడం వేలితోనే నేర్చుకోవాలి. తండాల్లో చెప్పాల్సిన మాటలు లంబాడీలోనే సిద్ధం చేయాలి.

డిగ్రీ లేకుండా ఊళ్లలో వైద్యం చేసే ఆర్ఎంపీలను ఈ శిక్షణకు పిలవడంపై వాదన నడిచింది. పిలిస్తే వారి సూదులకు ముద్ర వేసినట్టవుతుందని కొందరన్నారు. అయినా మిరప ఏరే రోజుల్లో ఎండన పడి, నీళ్లు చాలక, సాయంత్రం ఒళ్లు నొప్పులకు డైక్లోఫెనాక్ సూది వేయించుకునేది ఎక్కువగా వారి దగ్గరే. నొప్పి మందులతో కిడ్నీలకు వచ్చే ముప్పు చెప్పే ఒక్క పూటకు వారినీ, మందుల దుకాణాల వారినీ పిలవాలని నిర్ణయించడమైనది. హాజరైనందుకు వారికి సర్టిఫికెట్లు ఇవ్వరాదు.

మూత్ర పరీక్ష స్ట్రిప్పులు ప్రతి ఉపకేంద్రానికీ శిక్షణకు ముందే చేర్చవలసిందిగా మహబూబాబాద్ జిల్లా వైద్యారోగ్య శాఖాధికారిని కోరడమైనది. స్ట్రిప్పులు రాకుండా శిక్షణ తేదీ మాత్రం ప్రకటించవద్దని మనవి.