అట్రాసిటీ రూల్స్‌లో తుపాకి ఉంది, దళిత క్రైస్తవ మహిళ లేదు

ఆత్మరక్షణ కోసం స్త్రీలు తుపాకి కొనుక్కోవాలా అన్న చర్చ మనకు ఎక్కువగా అమెరికా వార్తల్లో కనిపిస్తుంది. అక్కడ చర్చికి వెళ్లే మహిళ పిస్తోలు కొనుక్కోవడాన్ని హక్కుగా చూస్తారు. 1791 నాటి రెండో రాజ్యాంగ సవరణ దానికి ఆధారం. మన దేశంలో ఆ హక్కు లేదు. 1959 ఆయుధాల చట్టం కింద అధికారి లైసెన్సు ఇస్తేనే తుపాకి. సుప్రీంకోర్టు 2023 ఫిబ్రవరిలో ఈ తేడాను మళ్లీ గుర్తుచేసింది.

అలాగని ఈ చర్చ గోదావరిఖని, రామగుండం కార్మికవాడల్లోని దళిత క్రైస్తవ మహిళకు పట్టనిదేమీ కాదు. దళితులకు తుపాకి లైసెన్సులు ఇవ్వవచ్చని మన ప్రభుత్వమే రాసిపెట్టిన రూలు ఒకటి ఉంది. ఆ రూలు ఎవరికి వర్తిస్తుంది, ఎవరికి వర్తించదు అన్నదే మన ప్రశ్న.

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది. దాని నిబంధనలు 1995లో వచ్చాయి. వాటిలో మూడో నిబంధన చదవండి. దాడులు జరిగే అవకాశం ఉన్న ప్రాంతాలను రాష్ట్ర ప్రభుత్వం ముందే గుర్తించాలి. కలెక్టరు, ఎస్పీ అక్కడికి వెళ్లి పరిస్థితి చూడాలి. అవసరమైతే ఆ ప్రాంతంలో ఎస్సీ, ఎస్టీలు కానివారి ఆయుధ లైసెన్సులు రద్దు చేసి తుపాకులను ప్రభుత్వ ఆయుధాగారంలో జమ చేయించాలి. అక్రమ ఆయుధాలు పట్టుకోవాలి. ప్రాణానికీ ఆస్తికీ రక్షణ కోసం అవసరమైతే ఎస్సీ, ఎస్టీలకు లైసెన్సులు ఇవ్వాలి.

ఈ నిబంధనలో రాజ్యం ఒక నిజం ఒప్పుకుంది. ఊళ్లో ఆయుధం ఎవరి చేతిలో ఉందో, దెబ్బ ఎవరికి తగులుతుందో దానికి తెలుసు. పోలీసు సమయానికి రాడన్న సంగతీ తెలుసు. కానీ మనకు తుపాకి ఇవ్వడం ఈ వరుసలో చివరి మెట్టు. ముందున్న మెట్లు దాడి జరగకుండా ఆపడం, కొట్టేవాడి చేతిలోంచి ఆయుధం తీసుకోవడం. అస్సాం క్యాబినెట్ 2025 మే నెలలో సున్నిత ప్రాంతాల్లోని మూలవాసులకు ఆయుధ లైసెన్సులు ఇస్తామని నిర్ణయించినప్పుడు దేశమంతా చర్చ జరిగింది. దళితుల విషయంలో అలాంటి మాట 1995 నుంచీ చట్ట పుస్తకంలో ఉన్నా ఎవరూ చర్చించలేదు.

ఇప్పుడు క్రైస్తవ మహిళ దగ్గరికి వద్దాం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందువులే ఎస్సీలు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను, ముస్లింలను బయటే ఉంచారు. మతం మారిన మాల, మాదిగ కుటుంబాలు మన దగ్గర బీసీ-సి కిందికి వస్తాయి. అందుకే తెలుగు రాష్ట్రాలంతటా ఒక మనిషికి రెండు బతుకులు. బడి రిజిస్టరులో, ఉద్యోగ కాగితాల్లో ఒక పేరు, ఆదివారం గుడిలో ఇంకో పేరు. బొగ్గుబాయి ప్రాంతంలోనూ అంతే.

2025 ఏప్రిల్ 30న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక పాస్టర్ పెట్టిన అట్రాసిటీ కేసును కొట్టేసింది. క్రైస్తవంలోకి మారిన వ్యక్తికి ఈ చట్టం వర్తించదని, ఎస్సీ ధ్రువపత్రం రద్దు కాకుండా ఉన్నంత మాత్రాన రక్షణ రాదని చెప్పింది. ఈ లెక్కన దళిత క్రైస్తవ మహిళకు మూడో నిబంధనలో ఏ మెట్టూ లేదు. లైసెన్సు మాట అటుంచితే, తన వాడ ముందస్తు రక్షణ కోసం గుర్తించాల్సిన ప్రాంతమని అడిగే దారే మూసుకుపోతుంది. ఆమెను కులం పేరుతో తిట్టేవాడు బాప్తిస్మం తీసుకున్నావా అని అడగడు. కోర్టు మాత్రం అడుగుతుంది.

ఈ చట్టం వెనకున్న చరిత్రను చూస్తే అన్యాయం ఇంకా బాగా కనిపిస్తుంది. చట్టం రావడానికి ఒత్తిడి తెచ్చిన ఘటనల్లో కారంచేడు ఒకటి. 1985 జులైలో అక్కడ మంచినీళ్ల చెరువును మురికి చేయొద్దన్నందుకు ఒక దళిత యువకుణ్ని కొట్టారు. నీళ్లకు వచ్చిన మాదిగ మహిళ మున్నంగి సువార్త అడ్డుపడింది. తన మీదికి వచ్చినవాళ్లపై చేతిలోని బిందె ఎత్తింది. ఆ మరునాడు, జులై 17న, మాదిగపల్లె మీద దాడి చేసి ఆరుగురిని చంపారు. ఆడపిల్లలపై అత్యాచారాలు చేశారు. సువార్త అన్న పేరే ఆ వాడ ఏ ప్రార్థన చేసుకునేదో చెబుతుంది. అలాంటి వాడల నెత్తుటితో వచ్చిన చట్టమే ఇవాళ చర్చికి వెళ్తే నీకు వర్తించదంటోంది.

సువార్త చేసింది ఆనాటి చట్టం ప్రకారం కూడా ఆత్మరక్షణే. నేటి భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు ఉన్న సెక్షన్లు ఆ హక్కును ఇస్తున్నాయి. అత్యాచారం, అపహరణ, యాసిడ్ దాడి ఎదురైతే దాడి చేసినవాడి ప్రాణం పోయినా అది నేరం కాదని 38వ సెక్షన్ చెబుతుంది. ఇందులో మతం ప్రసక్తి లేదు. కానీ ఎదురుతిరిగిన దళిత స్త్రీ ఆ ఒక్క క్షణం గెలిచినా మర్నాడు వాడ మొత్తం మూల్యం చెల్లించాల్సి వస్తుందని కారంచేడు చూపింది. బిందె స్థానంలో తుపాకి ఉంటే ఆ మర్నాడు మారేదా?

నల్లజాతి జర్నలిస్టు ఐడా బి. వెల్స్ భక్తిగల క్రైస్తవురాలు. 1892లో మెంఫిస్‌లో తన మిత్రుణ్ని మూక చంపాక ఆమె పిస్తోలు కొనుక్కుంది. ఆ నిర్ణయాన్ని తప్పుపట్టే అర్హత మనకు లేదు. అయితే ఆమెను చరిత్రలో నిలిపింది మూకహత్యల లెక్కలు తీసి ప్రపంచం ముందు పెట్టిన పని.

మన దగ్గర తుపాకి లెక్క చూద్దాం. 2014లో మహిళల కోసమంటూ కాన్పూరు ఆయుధ కర్మాగారం తెచ్చిన నిర్భీక్ రివాల్వర్ ధర లక్షా 22 వేల రూపాయలు దాటింది. ఆస్తి లేదన్న ఒక్క కారణంతో లైసెన్సు నిరాకరించకూడదని ఆయుధాల చట్టం 14వ సెక్షన్ చెబుతున్నా, కొనే డబ్బు ఎక్కడిది? పోనీ, కొన్నారనుకుందాం. రెండు గదుల క్వార్టరులో ఆ తుపాకి ఎవరి చేతికి అందుతుంది? హింసించే భర్తకు తుపాకి అందుబాటులో ఉంటే భార్య హత్యకు గురయ్యే ప్రమాదం ఐదు రెట్లు పెరుగుతుందని 2003లో అమెరికాలో జరిగిన పరిశోధన తేల్చింది.

బొగ్గు ప్రాంతానికి తుపాకి కొత్త కాదు. సికాస రోజుల్లో అటు దళాల తుపాకులు, ఇటు పోలీసు తుపాకులు చూసింది. ఇక 2021 ఫిబ్రవరి 17న ఇదే పెద్దపల్లి జిల్లా రామగిరి మండలంలో న్యాయవాద దంపతులు గట్టు వామనరావు, నాగమణిలను పట్టపగలు నడిరోడ్డు మీద నరికి చంపారు. మంథని కస్టడీ మరణంపై హైకోర్టును కదిలించినవాళ్లు వాళ్లు. అంతటివాళ్లకే ఈ రోడ్డు మీద రక్షణ లేకపోతే, తెల్లవారకముందే ఊడ్చే పనికి బయల్దేరే కాంట్రాక్టు కార్మికురాలి సంగతేమిటి? గనుల్లో మహిళల రాత్రి పనికి 2019లో కేంద్రం అనుమతిచ్చినప్పుడు రాతపూర్వక సమ్మతి ఉండాలని, ఒక షిఫ్టులో కనీసం ముగ్గురు ఉండాలని షరతులు పెట్టింది. ఆ ముగ్గురూ ఇంటి నుంచి గేటు దాకా ఎలా వస్తారన్నదే అసలు ప్రశ్న.

కాబట్టి మనం తుపాకి కోసం దరఖాస్తు పెట్టేముందు అడగాల్సినవి ఉన్నాయి. మూడో నిబంధన కింద పెద్దపల్లి, మంచిర్యాల జిల్లాల్లో ఏ ప్రాంతాలను గుర్తించారో, ఎన్ని లైసెన్సులు రద్దు చేశారో సమాచార హక్కు కింద అడుగుదాం. మూడు నెలలకోసారి జరగాల్సిన జిల్లా విజిలెన్స్ కమిటీ సమావేశాల్లో క్రైస్తవ వాడల ఫిర్యాదులు పెట్టిద్దాం. కాంట్రాక్టు మహిళలకు కూడా 2013 లైంగిక వేధింపుల నిరోధక చట్టం వర్తిస్తుందని గేట్ మీటింగుల్లో చెబుదాం. రాత్రి షిఫ్టుకు ఇంటి దగ్గరి నుంచి బండి కావాలని యూనియన్లను నిలదీద్దాం. 1950 ఉత్తర్వు మూడో పేరాను మార్చాలని 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ చెప్పింది. 2022లో కేంద్రం ఇదే విషయంపై బాలకృష్ణన్ కమిషన్ వేసింది. కాగితాలు కమిషన్లు తిరుగుతుంటే దెబ్బలు మన ఆడవాళ్లు తింటున్నారు.

సువార్త వారసురాళ్లకు ఎవరో దయతలచి ఇచ్చే తుపాకి అక్కర్లేదు. వాళ్ల పేరు మీద వచ్చిన చట్టంలో వాళ్ల పేరు ఉండాలి.