మోడెల్స్ మూతపడ్డాక
హంగరీ నుంచి వలస వచ్చిన మోరిస్ మోడెల్ 1889లో న్యూయార్క్‌లో పెట్టిన ‘మోడెల్స్’ దుకాణం నాలుగు తరాల పాటు ఒకే కుటుంబం చేతుల్లో నడిచి, వందకు పైగా క్రీడాసామగ్రి షాపులుగా విస్తరించి, 2020 మార్చిలో దివాలా పిటిషన్‌తో ముగిసింది. చలి సరిగ్గా పడక కోట్లు అమ్ముడుపోలేదన్నారు, ఆన్‌లైన్ దెబ్బ అన్నారు. నిజమే. బూట్ల కంపెనీలే నేరుగా ఇంటికి పంపుతుంటే మధ్యలో దుకాణం ఎలా బతుకుతుంది? అయినా దీన్ని కాలమహిమ అని సరిపెట్టుకోవడం నాకు చేతకాదు. స్థానిక జట్టు కప్పు గెలిస్తే ఆ రాత్రే తలుపులు తీసి అభిమానులకు చొక్కాలు అమ్మిన షాపులవి. ఏ ఆన్‌లైన్ గోదాము ఆ పని చేస్తుంది? మన విజయవాడలోనైనా వరంగల్‌లోనైనా అంతే: పిల్లాడి ఎత్తు చూసి ‘ఈ బ్యాట్ నీకు బరువు, అది తియ్యి’ అనేవాడు, తెగిన రాకెట్‌కు సాయంత్రం ఆటవేళకల్లా గట్టింగ్ వేసిచ్చేవాడు కౌంటర్ వెనక ఉండాలి. ఆ మనిషికి జీతం ఇచ్చేది మన కొనుగోలే. షాపులో బూట్లు తొడిగి చూసుకుని, ఫోన్‌లో ఆర్డరు పెట్టడం అన్యాయం. ఆ మాట గట్టిగానే అంటాను. 2020 ఆగస్టులో మోడెల్స్ పేరును ఒక ఆన్‌లైన్ సంస్థ కొనుక్కుంది. పేరొక్కటే వచ్చి పాదం కొలవదు. బడులూ క్లబ్బులూ ఏటా కొనే బంతులు, నెట్లు, జెర్సీల ఆర్డర్లు ముందు ఊళ్లోని షాపుకే ఇవ్వాలి.