ఎనిమిది వాట్లు చాలవండీ

మా ఇంట్లో స్పీకర్లకి వాల్వుల ఆంప్లిఫయర్ కొనాలన్న మాట ఏడాదిగా నలుగుతోంది. మావారు "ట్యూబ్ ఆంప్" అంటారు. నాకు మాత్రం వాల్వులే. మా అమ్మమ్మగారింట్లో రేడియో స్విచ్ వేశాక వెంటనే పలికేది కాదు. "ఉండవే, వాల్వులు కాగాలి" అనేవాడు మావయ్య. ఆ కాగే వస్తువే ఇప్పుడు లక్షల్లో ఉంది.

స్పీకర్లు మూడేళ్ళ క్రితం వచ్చాయి, నన్ను అడక్కుండానే. హాల్లో చెరో మూలా ద్వారపాలకుల్లా నిలబడి ఉంటాయి. ఈసారి నేనే అడిగాను, ఏం కొంటున్నారని. 300బి వాల్వు వేసిన సింగిల్ ఎండెడ్ ఆంప్లిఫయర్ అట. అసలైన సంగీతమంటే అదేనట. పాప ఫీజు కట్టగా మిగిలే ఎఫ్.డీ. దానికి సరిపోతుందట. ఎన్ని వాట్లన్నాను. ఎనిమిది. ఈ స్పీకర్లకి ఎనిమిది చాలుతాయా అన్నాను.

"నువ్వు చదివింది తెలుగు. నీకెందుకివన్నీ?" అన్నారు.

కోపంగా కూడా కాదు, చాలా మామూలుగా అన్నారు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది. పగలంతా ఆ హాల్లో ఉండేది నేను. వాటి మీద దుమ్ము తుడిచేది, వాటిలో పాట వినేది కూడా నేనే. సరే, తెలుగు చదివినదానికి కూడికలు రావని ఎవరన్నారు?

స్పీకర్ల పెట్టెలో వచ్చిన పుస్తకం తీశాను. సెన్సిటివిటీ 87 డెసిబెల్స్, 4 ఓమ్‌లు అని ఉంది. ఒక వాటు ఇస్తే మీటరు దూరంలో ఎంత గట్టిగా పలుకుతుందో చెప్పే లెక్క అది. కానీ కొలిచింది వాటు ఇచ్చి కాదు, 2.83 వోల్టులు ఇచ్చి. ఆ వోల్టులకి 8 ఓమ్‌ల స్పీకరైతే ఒక వాటు తీసుకుంటుంది, 4 ఓమ్‌లదైతే రెండు. అంటే ఒక్క వాటుకి మావి పలికేది 84 మాత్రమే. అబద్ధం రాశారనను. గిన్నెతో కలిపి నెయ్యి తూచినట్టుంది, అంతే.

వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్సే. ఒకటి నుంచి ఎనిమిదికి మూడు రెట్టింపులు, అంటే 9. 84కి కలిపితే 93. అదీ మీటరు దూరంలో. మా సోఫా పదడుగుల అవతల ఉంది, అక్కడికి వచ్చేసరికి ఇంకా తగ్గుతుంది. నెమ్మదిగా పెట్టుకుని వినడానికి అది చాలా ఎక్కువే. కానీ పాటంతా ఒక్క తీరున సాగదు కదా. తవిలు మీద ఒక్క దెబ్బ పడిన క్షణానికి అప్పటిదాకా వాడుతున్న వాట్లకి పదింతలో ఇరవయ్యింతలో కావాలి. అవి ఎక్కణ్ణుంచి తెస్తుంది పాపం?

300బిని నేను తప్పుపట్టడం లేదు. 1930లలో అమెరికాలో సినిమా హాళ్ళ ఆంప్లిఫయర్లలో వాడిన వాల్వది. అంత పెద్ద హాలూ కొద్దిపాటి వాట్లతోనే నిండేది. ఎందుకంటే అక్కడి స్పీకర్లు బూరల్లాంటి హార్న్‌లు, కాస్త కరెంటుకే గొంతెత్తి పలికేవి. ఇప్పటికీ 100 డెసిబెల్స్ దరిదాపుల్లో ఉండే హార్న్ స్పీకర్లున్నవాళ్ళకి ఎనిమిది వాట్లు విందు భోజనమే. మా ద్వారపాలకులకి మాత్రం చిటికెడు అటుకులు.

ఈ లెక్కంతా కాగితం మీద రాసి ఇస్తే ఆయన మడిచి జేబులో పెట్టుకున్నారు. తర్వాతి వారమే స్నేహితుణ్ణి అడిగి అలాంటి ఆంప్లిఫయరే ఒకటి తెచ్చారు. ముందు ఈమని శంకరశాస్త్రిగారి వీణ పెట్టాం. ఉన్నమాట చెప్పాలి, నా ఒళ్ళు ఝల్లుమంది. మీటు తర్వాత ఆ నాదం సాగి సాగి ఎక్కడ ఆగిందో తెలియలేదు. ఆయన నా వంక చూశారు, చూశావా అన్నట్టు. నేను లేచి షేక్ చిన మౌలానాగారి నాదస్వరం పెట్టాను. కాస్త వాల్యూమ్ పెంచానో లేదో తవిలు అట్టపెట్టె మీద కొట్టినట్టయిపోయింది. నాదస్వరం ముక్కు పట్టేసినట్టు పలికింది. ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. గెలిచానని కూడా అనిపించలేదు నాకు. ఏడాదిగా కలలు కన్న మనిషి ముఖం అది.

వాల్వులే కావాలంటే నా ఓటు ఇ.ఎల్.34లు వేసిన పుష్‌పుల్ ఆంప్లిఫయర్‌కి. 40 వాట్ల దాకా ఇస్తుంది, అంటే ఆ ఎనిమిది మీద ఇంకో 7 డెసిబెల్స్. వెనక 4 ఓమ్‌ల టెర్మినల్ విడిగా ఉండాలి. వాల్వుల మీద జాలీ మూత ఉండాలి, చెయ్యి తగిలితే బొబ్బలెక్కుతాయి. స్పీకర్ వైర్లు తగిలించకుండా స్విచ్ వేస్తే లోపలి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు, కాబట్టి తుడిచేటప్పుడు వైరు ఊడిందేమో చూసుకోవాల్సిందీ నేనే. పవర్ వాల్వులు కొన్నివేల గంటల తర్వాత మార్చాలి, ఆ ఖర్చు ఇప్పుడే పక్కన పెట్టాలి. ఎండాకాలంలో అది హాల్లో ఇంకో కుంపటి. ఇంత డబ్బు పెట్టకుండా మంచి ట్రాన్సిస్టర్ ఆంప్లిఫయర్‌తో ఈ స్పీకర్లు హాయిగా పలుకుతాయి. ఆ మాటా చెప్పాను. "తెలుసు, కానీ ఆ వెలుగు..." అని ఆగిపోయారు. ఆ ఎర్రటి వెలుగు నాకూ ఇష్టమే, మా అమ్మమ్మగారి రేడియో వెనక కన్నాల్లోంచి తొంగిచూసిన వెలుగే అది. అందుకని ఆ మాటకి ఎదురు చెప్పలేదు.

మీ ఇళ్ళలోనూ ఆంప్లిఫయరో, ఇన్వర్టరో, కారో ఏదో ఒకటి నలుగుతూనే ఉంటుంది. అది మగవాళ్ళ వ్యవహారమని వంటింట్లోకి వెళ్ళిపోకండి. దాంతోపాటు వచ్చే ఆ పుస్తకం ఒక్కసారి తెరవండి. అందులో ఉండేవి అంకెలే, మన పాలవాడి లెక్కలకన్నా కష్టమైనవేం కావు.

అరువు తెచ్చినది తిరిగిచ్చేశాం. వచ్చే ఆదివారం పుష్‌పుల్ రకం వినడానికి వెళ్తున్నాం, ఇద్దరం. ఆయన వీణ సీడీ తీసిపెట్టుకున్నారు. నాదస్వరం సీడీ నా సంచీలో ఉంది.