ఫిర్యాదుకు నెలలు, మందుకు గంటలు

2024 మార్చిలో విశాఖలోని ఒక పాలిటెక్నిక్ విద్యార్థిని, కళాశాలలో లైంగిక వేధింపులు ఎదురవుతున్నాయని, ఫొటోలతో బెదిరిస్తున్నందున ఫిర్యాదు చేయలేకపోయానని ఇంటివారికి సందేశం పంపి ప్రాణాలు విడిచింది. విశ్వవిద్యాలయాలలో అంతర్గత ఫిర్యాదుల కమిటీలు ఉండాలని యూజీసీ 2015లోనే నిబంధనలు చేసింది. ఫిర్యాదుకు మూడు నెలల గడువు కూడా ఇచ్చింది. భయపడిన పిల్లకు అది అవసరమే. అయితే శరీరం అంతకాలం ఆగదు. అత్యాచారం జరిగినప్పుడు హెచ్‌ఐవీ నివారణ మందులు 72 గంటలలోపు, వీలైతే ఆ రాత్రే, మొదలుకావాలి. ప్రైవేటు ఆసుపత్రి అయినా వెంటనే ఉచితంగా చికిత్స చేయవలసిందే. పోలీసు కాగితం లేదని తిప్పి పంపడం శిక్షార్హమైన నేరం. ఈ సంగతి వార్డెన్‌లలో ఎందరికి తెలుసు? అర్ధరాత్రి కేజీహెచ్‌కు తోడుగా వెళ్లే అధ్యాపకురాలి ఫోన్ నంబరు ప్రతి వసతిగృహం గోడపైనా రాసి ఉండాలి.